పత్తి, అభ్రకం, వజ్రం... జెండా వెనకున్న మెటీరియల్స్ మనిషి

మీరెప్పుడైనా కార్బన్ ఫైబర్ ప్లేటుకు డ్రిల్లుతో రంధ్రం పెట్టారా? నేను పెట్టాను. ఇంజినీరింగ్ చివరి ఏడాది, డ్రోన్ ప్రాజెక్టు. అల్యూమినియం ఫ్రేము బరువెక్కువైందని నలుగురం చందాలేసుకుని రెండు మిల్లీమీటర్ల మందం కార్బన్ ప్లేటు కొన్నాం. మాస్కు లేదు. కింద చెక్కముక్క పెట్టి గట్టిగా బిగించాలన్న సంగతీ తెలీదు. డ్రిల్లు అవతలికి దిగేసరికి ప్లేటు పొరలు పొరలుగా లేచిపోయింది. నల్లటి పొడి చేతులకు గుచ్చుకుని రెండు రోజులు ఒకటే దురద. అంతటితో అయిపోతే బాగుండేది. ఆ పొడి సరిగ్గా తుడవకుండానే మోటార్లను నడిపే సర్క్యూట్ బిగించేశాం. స్విచ్చు వేయగానే చిటపటమంది, వెంటనే కాలిన వాసన. కార్బన్ ఫైబర్‌లో కరెంటు పారుతుందన్న చిన్న విషయం నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు. డెమోకి ముందురోజు మా డ్రోన్ నేల మీదే ఉండిపోయింది.

కోడింగ్ వచ్చు, డిజైన్ సాఫ్ట్‌వేర్ వచ్చు. చేతిలో పట్టుకున్న వస్తువు దేనితో తయారైందో, దాని స్వభావమేంటో మాత్రం తెలీదు. మీలో చాలామంది పరిస్థితి కూడా ఇంతేనని నా అనుమానం. అందుకే ఈ వారం మీకో మనిషి గురించి చెప్పాలనుకుంటున్నా. ఆయన పేరు మీకు తెలుసు. ఆగస్టు 15 వచ్చిందంటే స్కూల్లో ఆయన గురించి రెండు ముక్కలు చెప్పి, ఫొటోకు దండేసి వదిలేస్తాం. పింగళి వెంకయ్య.

మా బందరు చుట్టుపక్కల ఆయనకున్న మారుపేర్లు ఒకసారి చూడండి. జెండా వెంకయ్య అందరికీ తెలుసు. జపాన్ వెంకయ్య, పత్తి వెంకయ్య, డైమండ్ వెంకయ్య అని కూడా అనేవారు. వీటికి తోడు ఇరవై ఏళ్లు నెల్లూరులో అభ్రకం మీద పని చేశారు. పత్తి, వజ్రం, అభ్రకం. మూడూ మెటీరియల్సే. తమాషా ఏంటంటే, ఆ మూడింటి సంగతి తెలిసి ఉంటే ఆ రోజు మా సర్క్యూట్ కాలేది కాదు. ఎలాగో చెప్తా.

భట్లపెనుమర్రు నుంచి బోయర్ యుద్ధం దాకా

కూచిపూడి ఉన్న మొవ్వ మండలంలోనే భట్లపెనుమర్రు అనే ఊరుంది. 1876 ఆగస్టు 2న వెంకయ్య పుట్టింది అక్కడే. తండ్రి హనుమంతరాయుడు, తల్లి వెంకటరత్నమ్మ. చిన్నతనం యార్లగడ్డలో, మోపిదేవి దగ్గరి పెదకళ్లేపల్లిలో గడిచింది. హైస్కూలు చదువు మచిలీపట్నం హిందూ హైస్కూల్లో.

అప్పటి బందరును ఒకసారి ఊహించుకోండి. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చివాళ్లు, ఇంగ్లిషువాళ్లు బట్టల కోసం వచ్చి వర్తక స్థావరాలు పెట్టిన రేవు అది. అంటే ఈ ఊరికి ప్రపంచంతో సంబంధం కుదిరిందే నూలు పోగు వల్ల. కానీ వెంకయ్య పుట్టేనాటికి ఆ వైభవం వెనకబడిపోయింది. మాంచెస్టర్ మిల్లు బట్ట వచ్చి పడింది. దానికి తోడు 1864 ఉప్పెన ఊరిని ఊడ్చిపెట్టి అప్పటికి పన్నెండేళ్లే. పక్కనే పెడనలో కలంకారీ అద్దకం మాత్రం ఇప్పటికీ బతికే ఉంది, వెళ్లి చూడండి.

యువకుడిగా వెంకయ్య సైన్యంలో చేరి బోయర్ యుద్ధ కాలంలో దక్షిణాఫ్రికా వెళ్లారు. గాంధీజీతో పరిచయం అక్కడే అయింది. బ్రిటిష్ జెండాకు వందనం చేసే సైనికుల వరసలో నిలబడ్డప్పుడే, మనకంటూ ఒక జెండా ఎందుకు లేదన్న ప్రశ్న ఆయన్ను పట్టుకుందని చెబుతారు.

తిరిగొచ్చాక ఆయన రెజ్యూమె రాస్తే ఇవాళ్టి హెచ్‌ఆర్‌వాళ్లు కంగారుపడతారు. రైల్వే గార్డుగా కొన్నాళ్లు. ప్లేగు నివారణ విభాగంలో కొన్నాళ్లు. కొలంబోలో చదువు. ఆ తర్వాత లాహోర్ ఆంగ్లో వేదిక్ కాలేజీలో ఉర్దూ, జపనీస్. ఇంత దూరం వెళ్లి జపనీస్ ఎందుకని అడుగుతారేమో. 1905లో జపాన్ రష్యాను ఓడించింది. ఓ ఆసియా దేశం సొంత ఫ్యాక్టరీలతో, సొంత టెక్నాలజీతో యూరప్ సామ్రాజ్యాన్ని నిలబెట్టి గెలవడం మన స్వదేశీ కుర్రాళ్లను ఊపేసింది. గాజు, సబ్బు, అగ్గిపెట్టెల తయారీ నేర్చుకోవడానికి మనవాళ్లు జపాన్ ఓడెక్కిన రోజులవి. వెంకయ్య భాష దగ్గర మొదలుపెట్టారు. 1913లో బాపట్ల సభలో ఏకంగా జపనీస్‌లోనే ఉపన్యసించడంతో జపాన్ వెంకయ్య అన్న పేరు స్థిరపడింది.

పత్తి చేలో ప్రయోగశాల

1906లో కలకత్తా కాంగ్రెస్ మహాసభకు వెళ్లొచ్చాక ఆయన మునగాల చేరారు. ఇప్పుడది సూర్యాపేట జిల్లాలో ఉంది గానీ, అప్పట్లో నిజాం రాజ్యం మధ్యలో ఉన్న కృష్ణా జిల్లా ముక్క. అక్కడి జమీందారు నాయని వెంకట రంగారావు విద్య, గ్రంథాలయాలంటే ప్రాణం పెట్టే మనిషి. ఆయన అండతో వెంకయ్య 1911 దాకా పత్తి మీద ప్రయోగాలు చేశారు. ముఖ్యంగా కంబోడియా రకం మీద.

కంబోడియాయే ఎందుకు? ఇక్కడ కాస్త ఇంజినీరింగ్ మాట్లాడుకుందాం. పత్తిలో అసలు విలువ పోగు పొడవుది. మన నాటు రకాల పోగు పొట్టిది. పొట్టి పోగును మెలిపెట్టి దారం తీస్తే ఒకదాన్నొకటి పట్టుకునే నిడివి తక్కువ. అందుకే దారం ముతకగా వస్తుంది, సన్నగా తీయబోతే తెగుతుంది. పొడవాటి పోగైతే పక్క పోగులతో ఎక్కువ దూరం ఒరుసుకుంటూ సాగుతుంది కాబట్టి సన్నటి, గట్టి దారం వస్తుంది. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోకి కొత్తగా వచ్చిన కంబోడియా రకానిది ఆ పొడవు పోగు. మాంచెస్టర్ సన్నబట్టకు దీటుగా మన నేలమీదే నూలు తీయాలంటే చేయాల్సిన మొదటి పని మంచి విత్తనం. స్వదేశీ అంటే విదేశీ బట్ట తగలబెట్టడంతో అయిపోదని, మెటీరియల్ దగ్గరికి వెళ్లాలని వెంకయ్యకు అర్థమైంది. పత్తి వెంకయ్య పేరు వెనక ఉన్నది ఇదే.

మన డ్రోన్ ప్లేటుకూ ఇదే సూత్రం. పోగు ఎంత సన్నం, ఎంత పొడవు, ఏ దిశలో పేర్చారు? ఫైబర్ ఇంజినీరింగ్ మొత్తం ఈ మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

దారాన్ని కాలిస్తే ఏమొస్తుంది?

పత్తి దారాన్ని అగ్గిపుల్లతో వెలిగిస్తే బూడిదవుతుంది. అదే దారాన్ని గాలి తగలకుండా మూసి కాలిస్తే? బొగ్గుల బట్టీలో కట్టెకు జరిగేదే జరుగుతుంది. హైడ్రోజన్, ఆక్సిజన్ ఎగిరిపోయి నల్లటి కార్బన్ పోగు మిగులుతుంది. బ్రిటన్‌లో జోసెఫ్ స్వాన్ 1860 ప్రాంతంలో కాగితాన్ని ఇలా కాల్చి బల్బు వెలిగించే ప్రయత్నం చేశారు. 1879లో ఎడిసన్ బల్బులో గంటల తరబడి వెలిగింది కాల్చిన పత్తి దారమే. ఆ తర్వాత ఆయన జపాన్ నుంచి తెప్పించిన వెదురు పోగుకు మారారు. ఒక రకంగా చూస్తే మానవుడు చేసిన తొలి కార్బన్ ఫైబర్లు ఇవే. వెంకయ్యకు అప్పటికి మూడేళ్లు.

అయితే ఆ పోగులు పెళుసు. చేత్తో ముట్టుకుంటే విరిగేవి. టంగ్‌స్టన్ రాగానే ప్రపంచం వాటిని మర్చిపోయింది. 1958లో అమెరికాలో యూనియన్ కార్బైడ్ ల్యాబులో రోజర్ బేకన్ అత్యంత బలమైన గ్రాఫైట్ పోగుల్ని తయారుచేసి చూపించాక మళ్లీ కదలిక వచ్చింది. ఆ తర్వాత రెండు మూడేళ్లకే జపాన్‌లోని ఒసాకాలో అకియో షిండో పత్తి బదులు పాలీ ఆక్రిలో నైట్రైల్, అంటే పాన్ అనే పాలిమర్ వాడారు. మనం వేసుకునే ఆక్రిలిక్ స్వెటర్ దారం కుటుంబమే అది. 1960ల్లో బ్రిటన్ ఫార్న్‌బరో శాస్త్రవేత్తలు ఆ పద్ధతికి పదును పెట్టారు. 1971లో జపాన్ కంపెనీ టోరే వాణిజ్య ఉత్పత్తి మొదలెట్టింది.

పత్తిని వదిలి పాన్ ఎందుకు పట్టుకున్నారో లెక్కేయండి. పత్తి అంటే దాదాపు పూర్తిగా సెల్యులోజ్. దాని బరువులో కార్బన్ 44 శాతమే. పాన్‌లో 68 శాతం. కాల్చాక చేతికి మిగిలేది ఎక్కువ. తయారీ ఇలా ఉంటుంది: పాన్ పోగుల్ని లాగి పట్టి ఉంచి, గాలిలో 200 నుంచి 300 డిగ్రీల దగ్గర నెమ్మదిగా వేడిచేస్తారు. దాంతో అణువులు నిచ్చెనలా బిగుసుకుని, ఆ పైన ఎంత వేడిచేసినా కరగవు. తర్వాత నైట్రోజన్ నింపిన కొలిమిలో వెయ్యి డిగ్రీలు దాటిస్తారు. చివరికి మిగిలేది 5 నుంచి 7 మైక్రాన్ల పోగు. మీ తలవెంట్రుక దీనికి దాదాపు పది రెట్లు లావు.

బలం సంగతి? మామూలు గ్రేడు కార్బన్ పోగు లాగుడు బలం దాదాపు 3500 మెగాపాస్కల్స్. బిల్డింగుల్లో వాడే సాధారణ స్ట్రక్చరల్ స్టీలుది 410 చిల్లర. పైగా ఈ పోగు సాంద్రత 1.8, స్టీలుది 7.8. అందుకే బోయింగ్ 787 విమానం బరువులో సగం కాంపోజిట్లే. కానీ ఆగండి, ఆ 3500 పోగు పొడవునా లాగినప్పటి మాట. అడ్డంగా చూస్తే పోగుల్ని పట్టి ఉంచేది రెజిన్ జిగురే కాబట్టి బలం బాగా తగ్గిపోతుంది. అందుకే పొరల్ని వేర్వేరు కోణాల్లో పేరుస్తారు. మా డ్రిల్లు ఆ పొరల మధ్య జిగురునే చీల్చేసింది.

బందరు కాలేజీలో ముప్ఫై జెండాలు

మళ్లీ వెంకయ్య దగ్గరికొద్దాం. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. ప్రభుత్వ గుమాస్తాల్ని తయారుచేసే చదువు కాకుండా, పుస్తకంతో పాటు చేతిపనీ నేర్పాలన్నది వాళ్ల ఆలోచన. ఇవాళ మనం స్కిల్ డెవలప్‌మెంట్ అని గొప్పగా చెప్పుకునేది బందరులో అప్పుడే మొదలైంది. వెంకయ్య 1911లో అక్కడ అధ్యాపకుడిగా చేరారు. వ్యవసాయం, చరిత్ర, గుర్రపు స్వారీ ఆయన చెప్పిన సబ్జెక్టులు. ఒక్క మనిషే ఇవన్నీ చెప్పాడంటే నమ్మడానికి కష్టమే.

ఆ కాలంలోనే దేశదేశాల జెండాల్ని పరిశీలించి, 1916లో భారతదేశానికి జాతీయ పతాకం మీద ఇంగ్లిషులో చిన్న పుస్తకం అచ్చేశారు. అందులో ఏకంగా ముప్ఫై నమూనాలు. ఏటా కాంగ్రెస్ సభలకు వెళ్లడం, పెద్దలకు చూపించడం, తిరిగి రావడం. ఏళ్ల తరబడి ఇదే పని.

1921 మార్చి 31, ఏప్రిల్ 1న బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం. గాంధీజీ వచ్చారు. జలంధర్‌కు చెందిన లాలా హన్స్‌రాజ్ చరఖా గుర్తు ఉండాలని సూచించారు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద చరఖాతో నమూనా గీసివ్వమని వెంకయ్యను అడిగితే గంటల వ్యవధిలో సిద్ధం చేశారు. తర్వాత గాంధీజీ తెలుపు కూడా చేరాలన్నారు. ఈ సంగతులన్నీ గాంధీజీ తన యంగ్ ఇండియా పత్రికలో వెంకయ్య పేరుతో సహా రాశారు. 1931లో కాంగ్రెస్ రంగుల్ని కాషాయం, తెలుపు, ఆకుపచ్చగా మార్చింది. 1947 జులై 22న రాజ్యాంగ సభ చరఖా స్థానంలో అశోక చక్రం పెట్టి ఇప్పటి జెండాను ఆమోదించింది.

అంటే నేటి జెండా ఆయన గీసిన గీత గీసినట్టు రాలేదు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఆయన పెట్టింది మొదటి వెర్షన్, తర్వాత చాలామంది మార్పులు చేశారు. ఇందులో ఆయన్ను తగ్గించేదేం లేదు. ఇంజినీరింగ్‌లో ఏ మంచి డిజైనైనా ఇలాగే పెరుగుతుంది.

ఇంకో విషయం గమనించారా? రంగుల గురించి ఎంత చర్చ జరిగిందో, గుడ్డ గురించీ అంతే పట్టుదల. జెండా ఖద్దరుదే కావాలి. చేత్తో వడికిన నూలు, చేత్తో నేసిన గుడ్డ. స్వతంత్ర భారతంలో భారతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చిన మొట్టమొదటి నంబరు, అంటే ఐఎస్ 1, జాతీయ జెండాదే. నూలు పోగుల లెక్క, గుడ్డ బరువు, రంగు వెలవకుండా నిలిచే గుణం, చక్రంలో 24 ఆకులు, 3కి 2 నిష్పత్తి... అన్నిటికీ కొలతలున్నాయి. దశాబ్దాలుగా కర్ణాటకలోని హుబ్బళ్లి ఖాదీ కేంద్రం ఆ కొలతలతో జెండాలు నేస్తోంది. 2021 డిసెంబరు 30న కేంద్రం ఫ్లాగ్ కోడ్ సవరించి మిల్లు బట్టనూ, పాలిస్టర్‌నూ అనుమతించింది. జెండా చవగ్గా ఇంటింటికీ చేరాలని ఒక వాదన. చేనేత చేతులకు పని పోతుందని మరో వాదన. మీరు ఏ వైపైనా ఉండండి, ఒక్కటి ఒప్పుకోండి. మెటీరియల్ ఎంపికంటే లెక్కల వ్యవహారం ఒక్కటే కాదు. దాని వెనక ఎవరి బతుకో ఉంటుంది. పత్తి వెంకయ్యకు అది తెలుసు.

అభ్రకం, ఆపై వజ్రం

1924 నుంచి 1944 దాకా ఆయన నెల్లూరులో ఉన్నారు. గూడూరు ప్రాంతం అభ్రకానికి పేరు. పాత ఇస్త్రీపెట్టె విప్పి చూశారా? వేడెక్కే తీగ చుట్టింది, దాని కింద పరిచింది పల్చటి అభ్రకం రేకు మీద. వేడికి చెక్కుచెదరదు, కరెంటును దాటనివ్వదు, గోటితో గీకితే రేకులుగా విడిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో రేడియో కెపాసిటర్లకు, విమాన ఇంజిన్లకు అభ్రకం లేనిదే గడవలేదు. అలాంటి ఖనిజం మీద ఆయన ఇరవై ఏళ్లు పెట్టారు.

మా కాలిన సర్క్యూట్ గుర్తుందా? కార్బన్ ఫ్రేముకూ సర్క్యూట్‌కూ మధ్య ఇలాంటి ఇన్సులేటర్ పల్చటి రేకు ఒక్కటి పెట్టి, ఆ పొడి శుభ్రంగా తుడిచి ఉంటే చాలు. డ్రోన్ ఎగిరేది.

స్వాతంత్ర్యం వచ్చాక ఖనిజాల విషయంలో ప్రభుత్వానికి సలహాదారుగా ఉన్నారు. వజ్రానికి తల్లిరాయి ఏదన్న అంశం మీద పుస్తకం రాశారు. కృష్ణా తీరంలో కొల్లూరు, పరిటాల వజ్రాలు లోకప్రసిద్ధం. కానీ అవి దొరికింది నది మోసుకొచ్చిన గులకరాళ్ల పొరల్లో. అసలు అవి ఏ రాతిలో పుట్టాయన్నదే భూగర్భ శాస్త్రం అడగాల్సిన ప్రశ్న. ఆ ప్రశ్న వెంట పడ్డారు కాబట్టే డైమండ్ వెంకయ్య అయ్యారు.

వజ్రం కూడా కార్బనే. ఒక్కో పరమాణువు నాలుగు వైపులా నలుగురిని పట్టుకుంటే వజ్రం. కదలడానికి ఎలక్ట్రాన్లు మిగలవు కాబట్టి కరెంటు పారదు. మూడు వైపులే పట్టుకుని రేకుల్లా పరుచుకుంటే పెన్సిల్లోని గ్రాఫైట్. మిగిలిన ఎలక్ట్రాన్ రేకు మీద తిరుగుతుంది, కరెంటు పారుతుంది. ఆ రేకుల్ని పోగు పొడవునా వరసగా నిలబెడితే కార్బన్ ఫైబర్. మూలకం ఒక్కటే, అమరికలోనే తేడా అంతా. మా డ్రోన్ పాఠం మొత్తం ఇందులోనే ఉంది.

చివరి రోజులు

ఇక్కడిదాకా చదివి, ఇన్ని తెలిసిన మనిషి బాగా బతికుంటాడులే అనుకుంటున్నారా? లేదు. చివరి రోజులు విజయవాడలో పేదరికంలో గడిచాయి. 1963 జులై 4న కన్నుమూశారు. పోయాక తన మీద జాతీయ జెండా కప్పి, తర్వాత దాన్ని రావిచెట్టుకు కట్టమని కోరుకున్నారని చెబుతారు. ఆయన బొమ్మతో తపాలా బిళ్ల రావడానికి 2009 దాకా పట్టింది.

ఈ భాగం రాయకుండా వదిలేద్దామా అని చాలాసేపు ఆలోచించా. కెరీర్ పేజీలో పేదరికం గురించి ఎవరు చదువుతారు? కానీ కోర్ బ్రాంచి తీసుకోవాలా, సీఎస్‌ఈ తీసుకోవాలా అని గుడివాడ నుంచో అవనిగడ్డ నుంచో ఓ ఇంటర్ కుర్రాడు అడిగితే, వెంకయ్య కథలో సగమే చెప్పి ఉత్సాహపరచడం మోసమవుతుంది. ఆసక్తి ఒక్కటే కడుపు నింపదు. ఆయన బతుకు అందుకు సాక్ష్యం.

మరి ఏం నేర్చుకోవాలి? నాకు తోచినవి రెండు.

మొదటిది, రాసిపెట్టడం. ఆయన జెండా ఆలోచన నిలిచింది 1916లో పుస్తకంగా అచ్చయింది కాబట్టి. అయిదేళ్ల తర్వాత బెజవాడలో జెండా ప్రస్తావన రాగానే అందరి చూపు ఆయన వైపు తిరిగిందంటే కారణం అదే. అదే పత్తి పని చూడండి, జనం నోట్లో ఓ మారుపేరుగా మిగిలింది. మీరు చేసిన ప్రయోగం, అది ఫెయిలైనా సరే, తేదీ వేసి, కొలతలు రాసి, ఫొటో తీసి పెట్టండి. మా డ్రోన్ ఫెయిల్యూర్ మీద నేను రాసిన నాలుగు పేజీల రిపోర్టే తర్వాత ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడించింది.

రెండోది, అండ. మునగాలలో జమీందారు అండ ఉన్నంతకాలం ప్రయోగం సాగింది. ఇవాళ ఆ పని చేయాల్సింది సంస్థలు. అవి ఉన్నాయి కూడా. హైదరాబాద్‌లో డీఆర్‌డీఓకు చెందిన అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ ల్యాబొరేటరీ అగ్ని క్షిపణులకు కార్బన్ కాంపోజిట్లు తయారుచేస్తుంది. అగ్ని ముక్కుకు వాడే కార్బన్-కార్బన్ కవచం మూడు వేల డిగ్రీల స్థాయి వేడిని తట్టుకుంటుంది. అదే క్షిపణి కాంపోజిట్ పరిజ్ఞానంతో, కలాం గారి చొరవ వల్ల, నిమ్స్ ఆసుపత్రిలో పోలియో పిల్లలకు మూడు కిలోలకు పైగా ఉండే కాలిపర్ల స్థానంలో 300 గ్రాములవి వచ్చాయి. డీఎంఆర్‌ఎల్, ఏఆర్‌సీఐ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. బెంగళూరులో ఎన్ఏఎల్, తిరువనంతపురంలో వీఎస్ఎస్‌సీ. విజయవాడ పక్కనే సీపెట్‌లో ప్లాస్టిక్స్, పాలిమర్స్ చదువులున్నాయి. బందరులోనే 1926లో ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీగా మొదలై, 1983లో బీఈఎల్ చేతికొచ్చిన ఫ్యాక్టరీలో సైన్యానికి రాత్రిపూట చూసే పరికరాలు తయారవుతున్నాయి.

గేట్ రాసేవాళ్లకు మెటలర్జీతో పాటు టెక్స్‌టైల్ ఇంజినీరింగ్ అండ్ ఫైబర్ సైన్స్ అనే పేపరుంది. ఇంజినీరింగ్ సైన్సెస్ పేపర్లో మెటీరియల్స్ సైన్స్, పాలిమర్ సైన్స్ విభాగాలున్నాయి. పోటీ తక్కువని వెళ్లకండి, పోగు మీద ఇష్టముంటే వెళ్లండి. మెకానికల్ వాళ్లయితే పొరల లెక్కలు, ఆటోక్లేవ్ పని, లోపలి పగుళ్లను అల్ట్రాసౌండ్‌తో పట్టే పరీక్షలు నేర్చుకోండి. ఇక కార్బన్ ఫైబర్ పోగుల తయారీలో ఇప్పటికీ ముందున్నవి టోరే, టెయిజిన్, మిత్సుబిషి లాంటి జపాన్ కంపెనీలు. వందేళ్ల కిందట మన జిల్లా మనిషి ఏ భాష నేర్చుకోవాలనుకున్నారో మీకీపాటికి గుర్తొచ్చే ఉంటుంది.

సముద్రం పక్కనున్న మనకు ఓ సొంత సమస్య కూడా ఉంది. గిలకలదిండి హార్బర్లో మనం ఫైబర్ బోటు అనేది గాజు పోగుతో చేసింది. దాని స్థానంలో కార్బన్ పెట్టేస్తే తేలికవుతుంది కదా అనిపిస్తుంది. ధర సంగతి పక్కనపెట్టినా, కార్బన్‌ను అల్యూమినియంకు నేరుగా బిగించి ఉప్పునీటిలో పెడితే అది బ్యాటరీలా పనిచేసి అల్యూమినియంను తినేస్తుంది. దానికి చౌకైన, మన జాలర్ల పడవలకు పనికొచ్చే పరిష్కారం ఎవరైనా కనిపెడితే బాగుండు. ఆ ఎవరైనా బందరు కుర్రాడో, నాగాయలంక అమ్మాయో ఎందుకు కాకూడదు?

ఈసారి ఆగస్టు 2న, ఆయన పుట్టినరోజున, దండ వేశాక ఓ పని చేయండి. ఖాదీ గుడ్డ నుంచి ఒక్క పోగు లాగి, ఫోన్ కెమెరాకు చిన్న లెన్సు పెట్టి చూడండి. ఆ మెలికలు లెక్కపెట్టండి. చూసింది నోట్‌బుక్కులో తేదీ వేసి రాసుకోండి.

కార్బన్ ప్లేటు దొరికితే అదీ చూడండి. డ్రిల్లు మాత్రం మాస్కు పెట్టుకున్నాకే.